వాన చూసి తిరిగే వైపర్: నెల్లూరు, ఒంగోలు దారుల్లో ఎంతవరకు పనికొస్తుంది?

షోరూములో పై వేరియంటు వైపు లాగడానికి చెప్పే మాటల్లో సన్‌రూఫ్ మొదటిదైతే, రెయిన్ సెన్సింగ్ వైపర్లు రెండోదో మూడోదో అవుతాయి. టాటా నెక్సాన్, కియా సెల్టోస్, స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ లాంటి కార్ల పై వేరియంట్లలో ఈ సౌకర్యం వస్తోంది. వాన పడితే వైపర్లు వాటంతట అవే తిరుగుతాయని సేల్స్ కుర్రాడు చెప్పేది అబద్ధమేమీ కాదు. అయితే నెల్లూరులో ఏడాది మొత్తం వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కుమ్మరిస్తుంది. మిగతా కాలమంతా ఎండ, దుమ్ము, ఉప్పుగాలి. ఇలాంటి చోట ఆ సెన్సారు ఎంత నమ్మకంగా పనిచేస్తుందో, దేనికి తడబడుతుందో షోరూములో ఎవరూ చెప్పరు.

వేరియంటుతో పాటు వస్తే మంచిదే, హాయిగా వాడుకోండి. దీనికోసమే లక్ష పైన పెట్టి వేరియంటు మారడం మాత్రం దండగ. ఎందుకో తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి.

రియర్‌వ్యూ అద్దం వెనకాల, నల్ల ప్లాస్టిక్ మూత కింద, ముందద్దానికి లోపలి వైపు అతుక్కుని ఒక చిన్న డబ్బా ఉంటుంది. అందులో ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు, వాటి వెలుగు ఎంత తిరిగొచ్చిందో కొలిచే ఫోటోడయోడ్లు ఉంటాయి. ఆ వెలుగు గాజులోకి సుమారు 45 డిగ్రీల వాలుతో దూరుతుంది. గాజు వక్రీభవన గుణకం, అంటే వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె, దాదాపు 1.52. అద్దం బయట ఉన్నది గాలి అయితే, 41 డిగ్రీలు దాటిన వాలుతో వచ్చిన వెలుగు బయటికి పోలేదు, మొత్తం వెనక్కి మళ్లుతుంది. ఇంటర్ ఫిజిక్సులో సంపూర్ణాంతర పరావర్తనం అని చదువుకున్నది ఇదే. అక్కడ నీటి చుక్క కూర్చుందంటే లెక్క మారిపోతుంది. నీటి గుణకం 1.33 కాబట్టి సందిగ్ధ కోణం, అంటే వెలుగు మొత్తం వెనక్కి మళ్లడం మొదలయ్యే వాలు, 61 డిగ్రీలకు పెరుగుతుంది. అప్పుడు 45 డిగ్రీల వెలుగు ఆ చుక్కలోంచి బయటికి జారిపోతుంది, ఫోటోడయోడ్‌కి చేరే వెలుగు తగ్గుతుంది.

ఎంత తగ్గింది, ఒకసారి తుడిచాక మళ్లీ ఎంత త్వరగా తగ్గింది అన్నదాన్ని బట్టి సెన్సారు వాన జోరు అంచనా వేస్తుంది. ఆ కబురు లిన్ అనే ఒంటి వైరు మీదుగా బాడీ కంట్రోల్ మాడ్యూల్‌కి, అంటే వైపర్లు, లైట్ల లాంటివాటిని నడిపే చిన్న కంప్యూటరుకి పోతుంది. ఒక్కసారి తుడవాలా, ఆగి ఆగి తుడవాలా, మెల్లగానా, జోరుగానా అని తేల్చి మోటారును తిప్పేది ఆ మాడ్యూలే. చాలా కార్లలో బండి వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. చీకటి పడగానే హెడ్‌లైట్లు వెలిగించే లైట్ సెన్సారు కూడా చాలావరకు ఆ డబ్బాలోనే ఉంటుంది. అందుకే రెండూ ఒకేసారి మొరాయిస్తే ముందు ఆ డబ్బాకు వెళ్లే కనెక్టరు చూడాలి.

ఇక్కడ తెలుసుకోవాల్సిన అసలు సంగతి, సెన్సారు తన ముందున్న కొద్ది చదరపు సెంటీమీటర్ల గాజును మాత్రమే చూస్తుంది. డ్రైవరు ముందున్న అద్దం మీద ఏముందో దానికి తెలియదు. దీని మంచీ చెడూ అన్నీ ఇందులోంచి వచ్చేవే.

ఎన్‌హెచ్ 16 మీద దీని పనితనం బాగా తెలిసేది లారీ వెనక. వాన వెలిసిన కావలి-సింగరాయకొండ మధ్య రోడ్డు మీద లారీని దాటబోతే, దాని టైర్లు లేపిన నీళ్లు ఒక్కసారిగా అద్దమంతా కొడతాయి. ఆ క్షణంలో మనిషి చెయ్యి స్టీరింగు వదిలి పక్కనున్న వైపర్ లివర్ దాకా పోయేలోపు సెన్సారు వైపర్లను జోరుగా తిప్పేస్తుంది. లారీ దాటగానే తానే తగ్గిస్తుంది. ఈ ఒక్క పనికి పదికి తొమ్మిది ఇవ్వచ్చు. ముసురు పట్టి రోజంతా ఒకే తీరుగా పడే వానలోనూ బాగుంటుంది. మామూలు ఇంటర్‌మిటెంట్ వైపరులో అయితే జల్లు పెరిగినప్పుడల్లా, తగ్గినప్పుడల్లా లివర్ మీది రింగు తిప్పుకుంటూ ఉండాలి. అమెరికాలో రాబర్ట్ కెర్న్స్ 1967లో పేటెంటు పొందిన ఆ ఆగి ఆగి తిరిగే పద్ధతి ఇప్పటికీ కింది వేరియంట్లలో చక్కగా పనిచేస్తోంది. అదేదో తక్కువ సరుకని అనుకోకండి.

బాగా విసిగించేది పెద్ద పెద్ద చినుకులు దూరం దూరంగా పడేటప్పుడు. వేసవిలో సాయంత్రం పూట ఉరుములతో వచ్చే వాన మొదట్లో ఇలాగే ఉంటుంది. మీ ముందున్న అద్దం మీద పది చినుకులు పడి నీళ్లు కారుతుంటాయి, సెన్సారు ముందు ఒక్కటీ పడి ఉండదు, వైపర్ కదలదు. ఒక్కోసారి దీనికి తిరగబడి, సెన్సారు మీద ఒక్క చినుకు పడిందని పొడి అద్దం మీద బర్రున ఈడుస్తుంది. సెన్సిటివిటీ రింగు ఉన్న కార్లలో ఒక మెట్టు పెంచితే మొదటి బాధ తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. పగలు మధ్యలో పెట్టుకుని, రాత్రి ఎదురు లైట్లలో చిన్న చినుకు కూడా కళ్లు చెదరగొడుతుంది కాబట్టి ఒక మెట్టు పైకి తిప్పుకోవడం మేలు. రింగే లేకుండా ఆటో అని ఒక్కటే ఇచ్చే కార్లూ ఉన్నాయి. టెస్ట్ డ్రైవులో ఇది తప్పకుండా చూసుకోవాలి.

ఇక తుపాను వాన. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ లాంటిది వచ్చినప్పుడు ఆటోను మర్చిపోండి. గాలి తెరలు తెరలుగా కొడుతుంటే, రెండు తెరల మధ్య సెన్సారు వేగం తగ్గించి, మళ్లీ పెంచి గందరగోళం చేస్తుంది. లివర్ హై మీద పెట్టి వదిలెయ్యాలి. హై మీద తిరుగుతున్నా ఎదురు బండి కనపడకపోతే అది వైపర్ తీర్చే సమస్య కాదు, పక్కన సురక్షితమైన చోట బండి ఆపాల్సిందే. అద్దానికి లోపల పట్టే ఆవిరి సంగతి కూడా ఈ సెన్సారుకు పట్టదు. వైపర్ ఎంత తిరిగినా ముందంతా మసకగా ఉందంటే తడి లోపలి వైపే ఉంది. ఏసీ వేసి గాలిని అద్దం మీదికి తిప్పాలి.

వాన తక్కువగా ఉండే తొమ్మిది నెలల్లో దీనితో వచ్చే తలనొప్పి వేరే రకం. పొడి దుమ్ముకు సెన్సారు పెద్దగా మోసపోదు, ఎందుకంటే పొడి రేణువు గాజును అక్కడక్కడ మాత్రమే తాకుతుంది, వెలుగు బయటికి పోయే దారి ఇవ్వదు. తడిసి అతుక్కున్నదే మోసం చేస్తుంది. కోవూరు వైపు వరి పొలాల మధ్య రాత్రి పూట అద్దానికి కొట్టుకుని చితికే దీపపు పురుగులు, రొయ్యల లారీల నుంచి కారే ఉప్పునీళ్లు, మైపాడు, కొత్తకోడూరు తీరాల్లో పట్టే జిడ్డు ఉప్పు, కృష్ణపట్నం రోడ్డులో మంచుకు తడిసిన బొగ్గు దుమ్ము, ఇవన్నీ గాజుకు గట్టిగా అంటుకుంటాయి. వీటిని సెన్సారు చినుకు అనుకుంటుంది. వైపర్ ఒకటి రెండుసార్లు పొడిగా ఈడ్చి, ఆ పురుగును విల్లులా సాగదీసి, అద్దాన్ని ఇంకా మసక చేస్తుంది. మెల్లగా పేరుకునే మురికికి సెన్సారు తనంతట తాను సర్దుకుంటుంది గానీ, ఉన్నట్టుండి అంటుకున్నదానికి సర్దుకోలేదు. తీరం వెంబడి, పొలాల మధ్య రాత్రి ప్రయాణమైతే ఆటో తీసేసి, అవసరమైనప్పుడు నీళ్లు చిమ్మి తుడుచుకోవడం తెలివైన పని.

ఆ చిమ్మే నీళ్ల దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరు నీళ్లు వాషర్ ట్యాంకులో పోస్తే నాలుగు నెలల్లో నాజిల్ తెల్లగా పూడుకుపోతుంది, గాజు మీద సున్నపు మరకలు గడ్డకడతాయి. ఆ మరక సెన్సారు కిటికీ, అంటే అది చూసే ఆ కొద్దిపాటి గాజు ముందు పడితే అక్కడ ఎప్పుడూ వాన ఉన్నట్టే. ట్యాంకులో ఆర్వో నీళ్లు, వాటితో పాటు వాషర్ ద్రవం సీసా మీద రాసిన పాళ్లలో పోయండి. గిన్నెలు తోమే సబ్బు నీళ్లు పోయద్దు, అది నురగ పెట్టి పొర వదులుతుంది. పూడిన నాజిల్‌ని సన్న సూదితో పొడిచి వదిలించవచ్చు. సున్నపు మరకకు వెనిగర్ సగం, నీళ్లు సగం కలిపి బట్ట తడిపి పది నిమిషాలు అద్దం మీద ఉంచి, కడిగేయాలి. బ్లేడుతో గీకితే గీతలు పడతాయి, సెన్సారుకు ఆ గీతలూ పనికిరావు.

నిజానికి ఈ సౌకర్యం మీద వచ్చే ఫిర్యాదుల్లో పెద్ద భాగం సెన్సారువి కావు, రబ్బరువి. అరిగిన బ్లేడు కిటికీ ముందు నీటి చార వదిలితే, ఇంకా వాన పడుతోందని సెన్సారు మళ్లీ తిప్పుతుంది. మళ్లీ చార, మళ్లీ తిప్పుడు. వాన ఆగినా వైపర్ ఆగదంటే ముందు బ్లేడు మార్చి చూడాలి. మన రోహిణి కార్తె ఎండకు బయట నిలబెట్టిన కారు రబ్బరు ఒక్క వేసవిలో గట్టిబడుతుంది. కాబట్టి సర్వీసు సెంటరు వాళ్లు ఏప్రిల్లో మార్చమంటే వద్దనండి. సెప్టెంబరు ఆఖర్లో మార్చితే ఈశాన్య రుతుపవనాల మూడు నెలలూ కొత్త రబ్బరుతో గడుస్తాయి. నైరుతి వానలు కూడా తగిలే మార్కాపురం వైపు వాళ్లకు జూన్‌కు ముందొకసారి చూసుకోవడం మంచిది.

మార్చడం ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండు బ్లేడ్ల పొడవు విడివిడిగా కొలవండి, చాలా కార్లలో డ్రైవరు వైపుది పెద్దది. వైపర్ చేతులు బానెట్ కిందికి దాక్కునే కార్లలో ముందు సర్వీస్ పొజిషనుకు తేవాలి. ఇగ్నిషన్ ఆపిన వెంటనే లివర్‌ను ఎటు నొక్కాలో కారు పుస్తకంలో ఉంటుంది. వైపర్ చేతిని లేపాక అద్దం మీద మందపాటి తువ్వాలు మడిచి పరచండి. బ్లేడు లేని ఇనుప చెయ్యి స్ప్రింగు జోరుకు వెనక్కి పడిందంటే ముందద్దం పగిలిపోతుంది, రెండు వందల పనికి వేలల్లో ఖర్చు. కొక్కెం దగ్గరున్న మీట నొక్కి బ్లేడును కిందికి జార్చి తీసి, కొత్తది టక్కుమని శబ్దం వచ్చేదాకా పైకి లాగాలి. ఆపైన తడి అద్దం మీద నాలుగుసార్లు తిప్పి చూడండి. కిరకిరమంటే గాజు మీద జిడ్డో మైనమో ఉంది. నీళ్లు నిలవకుండా జారిపోయే కోటింగు వేయించిన అద్దాల మీద చినుకు ఉండగట్టి తక్కువ చోటే తాకుతుంది కాబట్టి సెన్సారు వానను తక్కువగా అంచనా వేస్తుంది. కోటింగు వేయించేటప్పుడు సెన్సారు కిటికీ ముందున్న భాగం వదిలెయ్యమని చెప్పాలి.

ముందద్దం మార్పించుకునేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఒంగోలు నుంచి చీమకుర్తి మీదుగా పొదిలి పోయే దారిలో గ్రానైట్ లారీల నుంచి జారిన కంకర రాయి అద్దానికి తగలడం కొత్త సంగతేం కాదు. సెన్సారు లేని కారుకు అద్దం మారిస్తే జిగురు పని బాగుందా లేదా చూస్తే చాలు. సెన్సారు ఉన్న కారుకు మూడు నాలుగు చోట్ల చెడే అవకాశం ఉంది.

మొదటిది అద్దమే. ఒకే మోడలుకు సెన్సారు బ్రాకెట్టు, నల్ల అంచులో కిటికీ ఉన్న అద్దం ఒకటి, లేనిది ఒకటి ఉంటాయి. లేనిది చౌక. బయటి గ్లాసు షాపుల్లో అదే బిగించి, సెన్సారును టేపుతో అతికించి పంపిన సందర్భాలు కనపడుతూనే ఉంటాయి. పని మొదలుపెట్టకముందే కొత్త అద్దాన్ని పాతదాని పక్కన పెట్టించి, బ్రాకెట్టు, కిటికీ సరిపోయాయా, లామినేటెడ్ అన్న రాత, ఐఎస్ఐ గుర్తు ఉన్నాయా చూడండి. పార్ట్ నంబరు బిల్లులో రాయించండి.

రెండోది, సెన్సారుకూ గాజుకూ మధ్య ఉండే మెత్తటి సిలికాన్ ప్యాడ్. మధ్యలో గాలి లేకుండా వెలుగు నేరుగా గాజులోకి దూరేలా చేసేది ఇదే. చాలా కార్లలో ఇది ఒక్కసారి వాడేదే. పాతదాన్ని ఊడదీసి మళ్లీ అతికిస్తే దుమ్ము, వేలిముద్రలు, గాలి బుడగలు చేరతాయి. బుడగ వెలుగు దారిలో పడితే సెన్సారు లెక్క తప్పుతుంది, పొడి అద్దం మీద తిప్పడమో, వానలో ఊరుకోవడమో చేస్తుంది. పని సరిగ్గా జరిగితే ఇలా ఉంటుంది: గాజును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి ఆరనిస్తారు, కొత్త ప్యాడ్ పొర తీసి వేలు తగలకుండా సెన్సారుకు ఒక అంచు నుంచి మెల్లగా పరుస్తారు, బ్రాకెట్టులో పెట్టి క్లిప్పులు రెండు వైపులా సమంగా నొక్కుతారు, ఆ తర్వాత బయటికొచ్చి టార్చి వేసి బుడగలున్నాయా చూస్తారు. ఈ చివరి పని మీరే చేయచ్చు. కిటికీలో నలుపు ఒకే తీరుగా కనపడాలి, వెండి మచ్చలు మెరిస్తే గాలి ఉన్నట్టు. కారు ఏళ్ల తరబడి ఎండలో నిలబడితే అద్దం మార్చకపోయినా ఈ ప్యాడ్ అంచులు ఊడతాయి. అప్పుడు ప్యాడ్ ఒక్కటే మారిస్తే సరిపోతుంది, సెన్సారు మొత్తం మార్చాలని ఎవరైనా అంటే ముందు ప్యాడ్ వేసి చూడమనండి.

మూడోది, కొన్ని కార్లలో అద్దం మార్చాక స్కానర్ పెట్టి సెన్సారును కొత్త గాజుకు సరిచేయాలి. ముందు కెమెరా ఉన్న ఏడాస్ (డ్రైవరుకు సాయపడే భద్రతా వ్యవస్థ) కార్లయితే ఆ కెమెరా క్యాలిబ్రేషన్ కూడా తప్పనిసరి. ఆ సామాను లేని షాపులో చేయించుకోవద్దు. అద్దం అతికించే యురేథేన్ జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది. బండి ఎప్పుడు కదిలించవచ్చో ట్యూబు మీద రాసి ఉంటుంది, తొందరపడి ముందే తీసుకెళ్లద్దు. ఒకటి రెండు రోజులు ప్రెషర్ వాష్ కొట్టించకూడదు.

ఇన్సూరెన్సు విషయానికొస్తే, సొంత నష్టం కవరు ఉన్న పాలసీలో గాజుకు తరుగు కోత (పాతబడినందుకు తగ్గించేది) ఉండదు, రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం కోస్తారు. తప్పనిసరి మినహాయింపు, అంటే ప్రతి క్లెయిములో మన జేబులోంచి పెట్టుకోవాల్సింది, 1500 సీసీ లోపు కార్లకు వెయ్యి, ఆపైన రెండు వేలు. క్లెయిము వాడితే నో క్లెయిమ్ బోనస్ పోతుందా అన్నది పాలసీ యాడ్ ఆన్ బట్టి ఉంటుంది, ఫోన్ చేసి అడిగాకే సంతకం పెట్టండి. సన్ ఫిల్ము వేయించే ఆలోచన ఉంటే సెన్సారు కిటికీ దగ్గర ఆ ఫిల్మును కోసి వదలాలి. వేడిని ఆపే ఫిల్ములు ఆపేదే ఇన్‌ఫ్రారెడ్‌ను, ఈ సెన్సారు బతికేదీ దానిమీదే.

కింది వేరియంటు కొని బయట కిట్టు బిగించుకుందామనుకునే వాళ్లూ ఉన్నారు. వద్దు. బ్రాకెట్టు లేని అద్దం, సెన్సారుకు వైరు లాగని బండి, ఆటో అన్న మాటే తెలియని కంట్రోల్ మాడ్యూలు. కిట్టు వాళ్లు వైపర్ రిలే వైరు కోసి మధ్యలో దూరతారు. కొన్నాళ్లు తిరుగుతుంది, వైపర్ మోటారు పాడైతే వారంటీ అడగడానికి మొహం ఉండదు.

డెలివరీ రోజునే పరీక్ష చేయించుకోండి. ఇగ్నిషన్ వేసి, లివర్ ఆటోలో పెట్టి, సెన్సిటివిటీ పైమెట్టుకు తిప్పి, స్ప్రే సీసాతో సరిగ్గా రియర్‌వ్యూ అద్దం వెనకున్న సెన్సారు కిటికీ మీద బయటి నుంచి నీళ్లు కొట్టాలి. సన్నటి తుంపరకు ఒకసారి తుడిచి ఆగాలి. వరసగా కొడుతుంటే వేగం పెరగాలి. ఆపేస్తే కాసేపటికి ఆగాలి. అద్దం కింది భాగంలో బక్కెట్టు నీళ్లు గుమ్మరించి పనిచేయలేదంటే లాభం లేదు, అక్కడ సెన్సారు చూపు లేదు. ఆటోలో కదలక, మామూలు లో, హై మీద తిరుగుతుంటే తప్పు సెన్సారు, ప్యాడ్, కనెక్టరు వైపు ఉంది. దేనిమీదా తిరగకపోతే ఫ్యూజు, మోటారు, లింకేజీ చూడాలి. అన్నిటికంటే ముందు, బండి ఆపి మళ్లీ స్టార్టు చేశాక కొన్ని కార్లలో లివర్‌ను ఒకసారి ఆఫ్‌కి తెచ్చి మళ్లీ ఆటోలో పెడితే గానీ పనిచేయదు. కంప్లయింటు ఇవ్వకముందే ఇది చూసుకోండి.

వాటర్ వాష్‌కు ఇచ్చేముందు, బంకుల్లో కుర్రాళ్లు అద్దం తుడవడానికి బట్ట తీసేముందు లివర్ ఆఫ్‌లో పెట్టండి. తడి బట్ట కిటికీ మీద పడగానే వైపర్ లేచి ఆ పిల్లవాడి వేళ్ల మీదికే వస్తుంది.